గుండ్రటి డబ్బా కొనకు

నాయనా మున్‌సిక్, నేనూ మీ అక్కా బతికే ఉన్నాము. మీ బావ ఇంకా దొరకలేదు. అతని బోటు మునిగినప్పుడు బయటపడిన వంటవాడు వచ్చి ఏడ్చాడు. "పొగమంచులో రాడార్ మీద ఒకటే చుక్క పెద్దమ్మా. పక్కనుంచి పోదాంలే అన్నాడు మీ అల్లుడు. అవి వలని చెరోవైపూ లాగే జంట బోట్లు! మధ్య తాడుకి తగిలి తిరగబడ్డాం."

నువ్వు మన బోటుకి రాడార్ కొనబోయే బూసాన్ షాపువాడు చూపే రంగుల తెర చూసి మురిసిపోకు. మీ బావ కొన్న గుండ్రటి డబ్బా రాడార్ రెండు బోట్లను ఒకటిగా చూపింది. పైన పొడుగు కడ్డీ తిరిగేదే కొను. అది బిగించేదాకా మన బోటు కట్టు విప్పనివ్వను.

దగ్గు తగ్గిందా? ఎండు చేపలు అందాయా? మీ అక్క, వస్తాడని రోజూ మీ బావ అన్నం గిన్నె దుప్పటి కప్పి వెచ్చగా ఉంచుతోంది. నీకు అలా గిన్నె పెట్టడం నా వల్ల కాదు. నూరేళ్లు బతుకు.

మీ అమ్మ