నేరుగా ఒక్క గడి వెనక్కి

ఎస్తేరూ, నా బిడ్డా, నిన్ను మట్టిలో పెట్టినాక నీ చెస్ బోర్డు తెరిచింది ఈ పొద్దే. మహిళల చాంపియన్‌షిప్‌లో ఇద్దరు సమానంగా నిలిస్తే మళ్లీ ఆట పెట్టినారంట. అందులో ఓడి, నీ మేనత్త కూతురు సెల్వి తిరుత్తణికి వచ్చింది. చివర్లో దానికి రాజొక్కడే మిగిలినాడు. అవతల రాజు, ఒక బంటు. అట్లే నీ బోర్డు మీద పెట్టి చూపింది.

"రాజును పక్కకు జరిపినా మామా, పోయింది."

"సాతాను తోసినాడా పక్కకు?"

"చర్చి ప్రసంగం వద్దు మామా, ఆట చూడు."

నువ్వు నేర్పినట్టే రాజును నేరుగా ఒక్క గడి వెనక్కి పెట్టినా. ఎట్లా ఆడినా బంటు చివరి గడికి చేరలేదు. డ్రా, గెలుపు లేదు, ఓటమీ లేదు. సెల్వి ఏడ్చింది.

తిరువళ్లూరు ఆస్పత్రిలో బైబిలు వాక్యం చేతబట్టి, నీకు పూర్తిగా నయం కావాల్సిందే, గెలుపే కావాలని దేవుని మీద అరిచినా. మంచం దిగకపోయినా సరే, బిడ్డ ఉంటే చాలని అడగొచ్చని నాకెవురు చెప్పినారు? ఇప్పుడు అడుగుతాండా తల్లీ. బోర్డు మూయలేకుండా ఉండా.