పళ్ల డాక్టరును అడిగిన ప్రశ్న

శనివారం, ఫిబ్రవరి 1986

డాక్టర్ని "మీరేం చదివారు?" అని అడగడం తప్పా? అమ్మకు సూదులు వేసినాయన ఏం చదివాడో మేమెవరం అడగలేదు. ఆమె పోయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఇవాళ అడిగేశాను. సైకిలు మీంచి పడ్డప్పటి నుంచి మా అమ్మాయి సునీత నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. "చిలకలూరిపేటలో పళ్ల డాక్టరు గారిది మంచి హస్తవాసమ్మా, దవడా ఆయనే బాగుచేస్తారు" అని పాస్టరమ్మ గారు పంపారు. ఆయన చూసి, సోమవారమే ఆపరేషన్ అన్నారు. నేను లేచి గోడ మీది సర్టిఫికెట్ చదవబోతే సునీత కొంగు పట్టుకుని లాగింది.

"ఇది పళ్ల చదువు కదండీ. దవడ ఆపరేషన్లు ఎన్ని చేశారు?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం చెప్పాలంటే ఒక్కటీ చెయ్యలేదమ్మా. వేరేవాళ్లు చేస్తుంటే చూశాను. గుంటూరులో దానికే చదివినాయన ఉన్నారు, ఉత్తరం రాసిస్తాను."

ఇంటికొచ్చే బస్సులో సునీత పళ్ల సందుల్లోంచే నవ్వింది. "డాక్టరు గారికే వైవా పెట్టావే అమ్మా!" పేట దాటాక నాకూ నవ్వొచ్చింది. ఉత్తరం బ్యాగులో భద్రంగా ఉంది. గుంటూరాయన్నీ ఇదే అడుగుతాను.

అడగ్గానే ఆయన నిజం చెప్పారు. అడక్కపోతే సోమవారం కోసేవారు. ఆయన మంచివారో కాదో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.