ఎంట్రీ చేసినవారు: తెలియదు

విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు గారి సముఖమునకు,
లైబ్రరీ అటెండరు, రెండవ కౌంటరు, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లైబ్రరీ కంప్యూటరులో మరణించిన ఉద్యోగిని లాగిన్‌ను తొలగించు ఉత్తర్వు సవరణ గురించి.

పై విషయమునకు సంబంధించి తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మన లైబ్రరీ కంప్యూటరీకరణ నిమిత్తం తొమ్మిదేళ్ల క్రితం రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక మనిషి మంజూరైనవి. ఆ మనిషి క్యాటలాగు అసిస్టెంటు, అనగా నా భార్య. ఆఫీసులో ఆమె నాకు పై ఉద్యోగి. ఇంట్లోనూ అంతేగా అని తోటివారు వేళాకోళం చేసేవారు. అవుననేవాణ్ణి.

2. నలభై ఒక్క వేల పుస్తకాల వివరాలు ఏడేళ్లపాటు ఆమె ఒక్కతే ఎక్కించినది. సదరు కాలమున కరెంటు రోజుకు నాలుగైదుసార్లు పోయేది. బ్యాటరీల కొరకు పెట్టిన ఫైలు ఎక్కడున్నదో తమ కార్యాలయమునకే ఎరుక. కరెంటు పోతే అరగంట సేపు కొట్టినదంతా గల్లంతు. మొదటి నెలలో ఆమె రెండుసార్లు ఏడ్చినది. తర్వాత మేమే ఒక పద్ధతి కనిపెట్టుకున్నాం. కరెంటు పోయే ముందు వసారాలో బల్బు రెండుసార్లు మినుకుమంటుంది. నేను పుస్తకాలు సర్దుతూ ఆ బల్బు మీద ఒక కన్నేసి ఉంచి, అది మినుకుమనగానే "సేవ్!" అని కేకవేయాలి. "నిశ్శబ్దము పాటించుడు" అన్న బోర్డు కిందే నిలబడి ఏడేళ్లు కేకలు వేశాను. నా పరాకు వల్ల మళ్ళీ కొట్టవలసి వచ్చిన పుస్తకాలు మొత్తం పదకొండు. ఆమె లెక్కపెట్టింది, నేను కాదు.

3. ఆమె కాలం చేసి పదకొండు నెలలైనది. ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చిన కంపెనీ అంతకుముందే మూతపడినందున, మరొకరి పేర లాగిన్ పుట్టించు విధానం ఎవరికీ తెలియలేదు. పుస్తకం ఇవ్వాలన్నా, తీసుకోవాలన్నా ఆమె లాగినే దిక్కు. కావున ప్రతి ఉదయం పది గంటలకు నేనే ఆమె పేరున లోపలికి వెళ్లుచున్నాను. ఇది తప్పని తెలుసు, లిఖితపూర్వకంగా ఒప్పుకొనుచున్నాను. తెర మీద "స్వాగతం" అని, పక్కన ఆమె పేరు వస్తుంది. కాసేపు చూస్తూ ఉండిపోతాను. వరుసలో ఉన్న పిల్లలు "ఏం బాబాయ్, మళ్ళీ ఆగిపోయిందా?" అంటారు. ఆగిపోయిందనే చెబుతాను.

4. గత నెల కొత్తగా కోర్సులో చేరిన ఒక అమ్మాయి, పుస్తకం తీసుకుని రసీదు చదువుకుని, "ఇచ్చినవారు అని ఈ మేడం పేరుంది కదండీ, ఆవిడెక్కడ కూర్చుంటారు? ఎక్కడా లేదన్న పుస్తకం ఇక్కడ దొరికింది, ఓ మాట చెప్పి వెళ్తాను" అన్నది. మేడం సెలవులో ఉన్నారని చెప్పాను. ఆడిన అబద్ధమునకు మన్నించవలెను. ఆ పిల్ల అటు తిరగగానే కౌంటరు కిందికి వంగి, లేని పెన్ను వెతికాను.

5. ఇప్పుడు కొత్త కంపెనీ వచ్చినది. నాకూ ఒక లాగిన్ ఇస్తారట, సంతోషమే. అయితే తమ ఉత్తర్వు ప్రకారం ఒకటో తేదీన నా భార్య లాగిన్ తొలగించెదరు. కంపెనీ ఇంజనీరు కుర్రవాడైనా మర్యాదస్థుడు. అతణ్ణి అడిగాను.

"తీసేస్తే ఏమవుతుంది బాబూ?"

"ఆవిడ పేరు ఎక్కడెక్కడ ఉందో అన్నిచోట్లా పోతుందండీ. ప్రతి పుస్తకానికీ కింద 'ఎంట్రీ చేసినవారు' అని ఉంటుంది చూడండి, అక్కడ కూడా."

"మరి అక్కడేం వస్తుంది?"

"'తెలియదు' అని వస్తుంది."

"పేరు ఉంచేసి, తాళం మాత్రం వేయడం కుదరదా?"

"ఎందుకు కుదరదండీ, ఒక్క నిమిషం పని. కానీ రిజిస్ట్రారు గారు ఒక ముక్క రాసివ్వాలి."

ఆ ఒక్క ముక్క కోసమే ఈ అర్జీ. అయ్యా, తెలియకపోవడమేమిటి? నాకు తెలుసు. వేసవిలో ఫ్యాను తిరగని గదిలో తడిగుడ్డ మెడకు చుట్టుకుని ఎవరు కూర్చున్నారో తెలుసు. నలభై ఒక్క వేలసార్లు "తెలియదు" అని రాయడానికి ఆ కంప్యూటరుకు చేతులెలా వస్తాయి?

6. ఈ అంశము అర్జీలో రాయదగినది కాదు, అయినా రాస్తున్నాను. పోవడానికి ఆరు నెలల ముందు నుంచే ఆమె లైబ్రరీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగేది. ఏమైందంటే "ఏం లేదండీ, మోకాళ్లు" అనేది. నమ్మాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి చేయి దాటిపోయింది. వసారాలో బల్బు మినుకుమంటే ఊరంతా వినపడేలా అరిచినవాణ్ణి, పక్కన నడిచే మనిషిని చూసుకోలేకపోయాను. ఆమెను నిలుపుకోలేకపోయాను, పేరైనా నిలుపుకోనివ్వండి.

కావున తమరు దయయుంచి, సదరు లాగిన్‌కు తాళం మాత్రమే వేసి, పేరును ఉన్నది ఉన్నట్లుగా ఉంచునట్లు ఒక్క ముక్క రాసి ఇప్పించగలందులకు నా మొర చిత్తగించవలెను.

తమ విధేయుడు,
లైబ్రరీ అటెండరు, రెండవ కౌంటరు.

తా.క. సదరు లాగిన్ పాస్‌వర్డును రాతపూర్వకంగా దాఖలు చేయాలని తమ మెమోలో ఉన్నది. పదకొండు నెలలు ఎవరికీ చెప్పలేదు. "బల్బు చూడండి." అదే పాస్‌వర్డు. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. రోజూ సీట్లో కూర్చుంటూ ఆమె నాతో అనే మొదటి మాట అదే, దాన్నే పెట్టుకుంది. తాళం వేసే రోజు నన్ను లోపలికి పిలవకండి. ఆ కాసేపూ వసారాలో నిలబడి బల్బు చూస్తాను.