లెక్కలోకి రాని మాత్రలు

చిరంజీవి చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నానని రాసే రోజు కోసం చూస్తున్నాం. కిడ్నీ ఇన్ఫెక్షనుకు రెండు మందులు పనిచేయలేదనీ, ఇప్పుడు మూడోది సెలైన్‌లో ఎక్కిస్తున్నారనీ నీ ఉత్తరంలో చదివి మీ నాన్న చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

నా కళ్ళ సంగతి అడిగావు. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రుల రికార్డులు చూసిన కళ్ళు కదా, మొరాయిస్తున్నాయి. మధ్యాహ్నం ఎండ కంప్యూటరు మీద పడితే వరసలన్నీ నీళ్ళలో కదిలినట్టుంటాయి. ఒక్కో వరస ఒక్కో మనిషి. పేరుండదు. వయసు, జబ్బు, ఇచ్చిన మందు, అది పనిచేసిందా లేదా, అంతే. అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడితే క్రిములు మందుకు లొంగకుండా ఎలా మొండికేస్తాయో ఆ లక్షల వరసల్లోంచే చూపిస్తూ వచ్చాను. తను తుమ్మినా లెక్క రాసుకుంటానని మీ నాన్న ఇప్పటికీ వేళాకోళం చేస్తారు.

మొన్న కుర్చీలోనే కునుకు పట్టింది. ఆ వరసలన్నీ మనుషులై ఆసుపత్రి వరండా బెంచీల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. చివర ఆరేళ్ళ పిల్ల, నోట్లో తేనె చెంచా.

"నన్ను లెక్కపెట్టలేదేంటమ్మా?" అంది.

"ఇన్నేళ్ళూ ఇదే చూశావు కదమ్మా, నాకే ఎందుకిలా అయింది?" అని నీ ఉత్తరంలో అడిగావు. చిన్నప్పుడు నీకు జలుబు చేసినప్పుడల్లా, డాక్టరుకు చూపించకుండా, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి, నూరి, తేనెలో కలిపి పెట్టేదాన్ని. తెల్లారితే నువ్వు బడికి వెళ్ళాలి, నేను ఆఫీసుకెళ్ళి ఊరందరి మాత్రలూ లెక్కపెట్టాలి. మూడేళ్ళు అలా చేశాను. ఆ మాత్రలు ఏ రికార్డులోనూ లేవు. మీ నాన్నకు కూడా తెలియదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ.

ఇప్పటి జబ్బుకు అదే కారణమా? లక్షమంది గురించి అడిగితే చెప్పగలను. నీ ఒక్కదాని గురించి చెప్పలేను. నా చదువంతా అక్కడే ఆగిపోయింది.

శనివారం బయలుదేరి వస్తున్నాను. నా ముఖం చూడాలనిపించకపోతే వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. ఈలోగా ఈ ఉత్తరం డాక్టరుగారికి చూపించు. కేసు షీటులో ఆ మాత్రలు కూడా ఎక్కించమను. ఎవరు రాసిచ్చారని అడుగుతారు. కింద సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
అమ్మ