కారం లేని అన్నం

బుధవారం, కల్లూరు

రేపు పదింటికి పశువుల డాక్టరు ఇంటికే వస్తాడు. మా కుక్క టైగర్‌కు చావు సూది వేయడానికి సరేనని ఫోన్‌లో చెప్పింది నేనే. ఫోన్ పెట్టేసి బియ్యం కడిగాను.

పాలు పోసే లక్ష్మక్క చేతికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. అది కరిచినవాళ్లలో ఆమె మూడో మనిషి. సాయంత్రం చూడ్డానికి వెళితే తిట్టలేదు. "దాన్నేమీ అనొద్దమ్మా. మీరు ఎట్ల పెంచితే అట్ల పెరిగిండాది" అంది. తిట్టినా బాగుండేది.

కొత్త ఇల్లు, చుట్టూ ఖాళీ ప్లాట్లు. అందుకే పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి గేటు దగ్గర గొలుసుతో కట్టేశాం. అన్నంలో కారం కలిపితే కుక్కకు రోషం వస్తుందని మామ చెప్పాడు. నాలుగేళ్లు రెండు పూటలా కలిపింది నేను. తినగానే నీళ్ల తొట్టికి పరుగెత్తేది. మేము నవ్వేవాళ్లం.

రోషం వచ్చింది. డాక్టరు ఇచ్చిన మందులు ఆరు నెలలు వాడినా పోలేదు.

"యాడన్నా ఊరి బయట ఇడిసిపెట్టి వద్దామా?" అని మా ఆయన ఇందాక కూడా అడిగాడు.

"ఆడ ఇంకొకర్ని కరుస్తాది" అన్నాను.

రేపు దాని మూతికి గుడ్డ కట్టాల్సింది కూడా నేనే. నన్ను తప్ప ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. ఏడుపొస్తుందేమోనని చూస్తున్నాను, రావడం లేదు.

ఈ పూట కారం కలపకుండా పెరుగన్నం పెట్టాను. ఎప్పటిలాగే గబగబా మింగేసి, గొలుసు ఈడ్చుకుంటూ నీళ్ల తొట్టికి పరుగెత్తింది.