కళ్లజోడు ఉన్నంతసేపూ

వదినగారికి నమస్కారాలు.

మీరు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడిలో మా పాపకి ఐదో తరగతిలో సీటు కావాలి. ఇంట్లో చదివించి తప్పు చేశానని కాదు. దుమ్ము పడక వచ్చే ఉబ్బసం తగ్గింది. లెక్కల్లో అప్పుడే ఆరో తరగతి పుస్తకం చేస్తోంది. ఎవరేం అడిగినా బెదరకుండా చెబుతుంది. బడిలో అయితే ఇంత వచ్చేది కాదని ఇప్పటికీ అంటాను. మీరు ఒప్పుకోరు, సరే.

ఇంట్లో మాకో పద్ధతి ఉండేది. నేను కళ్లజోడు పెట్టుకుంటే టీచర్ని, తీస్తే అమ్మని. జోడు ఉన్నంతసేపూ గారాలు పోకూడదు, ఏం కావాలన్నా చెయ్యెత్తి అడగాలి. దానికి అదో ఆట. పాఠం అయ్యీ అవగానే జోడు తనే లాగేసి ఒళ్లో కూర్చునేది.

వేసవిలో నాకు చూపు తగ్గింది. పడుకునేదాకా జోడు తియ్యొద్దన్నాడు డాక్టరు. ఆ పద్ధతి ఇంక లేదని పాపకి చెప్పాను. "సరే టీచర్" అంది.

మొన్న వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఎందుకో వెనక్కి తిరిగాను. గుమ్మంలో నిలబడి ఉంది. ఇస్త్రీపెట్టె తగిలి ఎడమచెయ్యి బొబ్బలెక్కిపోయింది. ఏడవడం లేదు. కుడిచెయ్యి పైకెత్తి, నేను చూసేదాకా ఆగింది.

ఎంతసేపటి నుంచి అలా నిలబడి ఉందో నేను అడగలేదు.

టీచరని పిలవడానికి దానికి ఇంకొకరు కావాలి వదినా. అన్నయ్యకి సీటు సంగతి చెప్పండి. చెయ్యి సంగతి వద్దు.

మీ ఆడపడుచు