కారింది గీజరే, నా జుట్టు కాదు

ఏవండీ,

గీజర్ స్విచ్ వేయకండి. అడుగు తుప్పుపట్టి నీళ్లు కారుతున్నాయి. దాని కరెంటూ, నీళ్ల వాల్వూ కట్టేశాను. కింద పెట్టిన బకెట్ నిండితే పారబోయండి. సాయంత్రం ప్లంబర్ వస్తాడు, అంతదాకా మీ సొంత వైద్యం వద్దు.

పెళ్లయిన దగ్గర్నుంచీ "తలస్నానం చేసి ఇల్లంతా చెరువు చేస్తావు" అని నన్నే ఆడిపోసుకున్నారు, అత్తయ్యగారి ముందు కూడా! పిచ్చిదాన్ని, నిజమేననుకుని జుట్టు పిండీ పిండీ సగం ఊడగొట్టుకున్నాను. ఈరోజు నేనింకా స్నానమే చేయకముందే మడుగు కట్టింది. ఇప్పుడేమంటారు?

స్నానానికి నీళ్లు పొయ్యి మీద పెట్టాను, కాచుకోండి. కానీ ముందు అత్తయ్యగారికి ఫోన్ చేసి, "అమ్మా, కారింది గీజరే, నీ కోడలి జుట్టు కాదు" అని చెప్పండి.

తడి జుట్టుతో వస్తే తిడుతూనే తువ్వాలుతో తుడిచేవారుగా, గీజర్ బాగయ్యాక అది మాత్రం మానేయకండి.